గట్టి పెడల్

మా కృష్ణా డెల్టాలో ఎత్తంటే వంతెన ఒక్కటే. మిగతా నేలంతా కాలవ నీరు నెమ్మదిగా పారేటంత చదును. అందుకే మా కారుకి వచ్చిన జబ్బు చాలా రోజులు బయటపడలేదు. జూన్‌లో ఒక పొద్దున, పెడన దారిలో రైలు వంతెన ఎక్కుతుంటే బయటపడింది.

బళ్ళు తెరిచిన వారం అది. నేను పెడన హైస్కూల్లో సోషల్ టీచర్ని. రోజూ బందరు నుంచి బస్సులో వెళ్ళివస్తాను. ఆ రోజు తెల్లవారుతూనే వాన పట్టుకోవడంతో మా ఆయన హరిబాబు కారులో దింపుతానన్నారు. వంతెన సగం ఎక్కేసరికి ఇంజను గోల పెద్దదైంది గాని కారు ముందుకు సాగలేదు. గోనెసంచి తగలబడినట్టు ఒక వాసన లోపలంతా కమ్ముకుంది. వెనక స్కూలు బస్సు, బట్టల మూటలు వేసుకున్న ఆటో, ఇంకా ఏవేవో హారన్లు కొడుతున్నాయి. ఆయన అద్దం దించి, తప్పుకోమని అందరికీ చెయ్యి ఊపి, మెల్లిగా కారుని వెనక్కి దొర్లించి వంతెన కింద ఒక పక్కకి ఆపారు.

“క్లచ్ పోయింది” అన్నారు.

ఆయన ముఖంలో విసుగు ఉంటుందనుకున్నాను. లేదు. నెత్తి మీంచి ఏదో బరువు దించుకున్నట్టున్నారు. ఆ వానలో, ఆ హారన్ల మధ్య, అదేమిటో నేను ఆలోచించలేదు.

ఆయనకి బంటుమిల్లి రోడ్డులో చిన్న ల్యాబు ఉండేది. రొయ్యల చెరువుల నీళ్ళు సీసాల్లో పట్టి తెచ్చి, పరీక్ష చేసి, ఏం తక్కువైందో రైతులకి చెప్పేవారు. రోజంతా చెరువుగట్ల మీద తిరిగే మనిషి. తాగుడూ సిగరెట్టూ లేవు. ఉన్నది ఒక్కటే పిచ్చి, బలమైన ఇంజను. ఎవరో పదేళ్ళు వాడిన టర్బో పెట్రోల్ కారు హైదరాబాదులో అమ్మకానికి ఉందని తెలిసి, రైలెక్కి వెళ్ళి, తనే నడుపుకుంటూ తెచ్చారు. ముదురు నీలం రంగు. చూడ్డానికి మామూలు కారే. పాత యజమాని దాని ఇంజను బలం బాగా పెంచాడట. గూడూరు దాటాక ఖాళీ హైవే మీద ఆయన యాక్సిలరేటర్ తొక్కితే నా వీపు సీటుకి అతుక్కుపోయేది.

కారుని ఇంకో బండి మీదకెక్కించి గుడివాడ తీసుకెళ్ళాం. అక్కడ మా తమ్ముడు ఉదయ్ కిరణ్‌కి మెకానిక్ షెడ్డు ఉంది. వాడు గేర్‌బాక్సు దింపి, అరిగిన క్లచ్ ప్లేటు బయటికి తీసి బావ చేతిలో పెట్టాడు. నల్లగా మాడిపోయి ఉంది. అది ఒరుసుకునే ఇనప చక్రం మీద, వేడికి, నీలం మచ్చలు పడ్డాయి.

“ఎందుకు కాలిందో తెలుసా బావా?” అన్నాడు ఉదయ్.

“ఇంజను బలం ఎక్కువ కదా. కంపెనీ ప్లేటు ఎన్నాళ్ళు ఆగుతుంది?”

“అదీ ఉందనుకో. కానీ ఇది ఒక్కరోజులో కాలింది కాదు. రోజూ కాస్త కాస్త కాలింది. నువ్వు క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి నడుపుతున్నావు.”

“నేనా?”

“కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేస్తారు ఆ పని. నువ్వు చేశావంటే నాకే నమ్మబుద్ధి కావట్లేదు.”

ఆయన ప్లేటుని బల్ల మీద పెట్టేశారు. “నీకు డ్రైవింగ్ నేర్పిందే నేను. నువ్వు నాకు చెప్తున్నావా?”

ఉదయ్ నవ్వాడు. ఆయన నవ్వలేదు.

మామూలు క్లచ్ వేసి ఇంజను బలం కొంచెం తగ్గించి పెడదాం అన్నాడు ఉదయ్. ఆయన ఒప్పుకోలేదు. రేసు కార్లలో వాడే గట్టి రకం క్లచ్ ఉంటుంది, అదే కావాలన్నారు.

“పెడల్ ఎంత బరువుంటుందో తెలుసా? బందరు కోనేరు సెంటర్లో నాలుగుసార్లు ఆగితే పిక్క పట్టేస్తుంది.”

“పట్టెయ్యనీ. బరువుగా ఉంటేనే మంచిది.”

“ఎవరికి మంచిది?” అంది మా అమ్మాయి జెనిఫర్, మా జెన్నీ. అప్పుడే ఇంటర్‌లో చేరింది. కారు గొడవ ఎప్పుడు తెగుతుందా అని మూల స్టూలు మీద కూర్చుని ఫోను చూసుకుంటోంది. ఆయన ఉదయ్ వైపు తిరిగి, అది తెప్పించడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగారు.

ఆ క్లచ్ కోయంబత్తూరు నుంచి వచ్చేసరికి జులై సగమైపోయింది. కాలవలకి నీళ్ళు వదిలారు. బిగించే రోజు శనివారం, నేను కూడా వెళ్ళాను. ఉదయ్ ఆ పనిని ఆపరేషన్‌లా చేశాడు. జిడ్డు వేలు తగిలితే పాడవుతుందని కొత్త ప్లేటుని తెల్లటి గుడ్డతో పట్టుకున్నాడు. బోల్టులు ఒక్కసారే బిగించకుండా, ఒకటి కొంచెం, దానికి ఎదురుగా ఉన్నది కొంచెం, అలా తిప్పితిప్పి బిగించాడు. గేర్‌బాక్సు మళ్ళీ ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటింది. ఆఖర్న క్లచ్ ఆయిల్ గొట్టాల్లో చేరిన గాలి తియ్యాలని బావని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, తను కారు కిందికి దూరాడు.

“తొక్కు బావా.”

“తొక్కాను.”

“అలాగే పట్టుకో. ఆ. ఇప్పుడు వదులు.”

“వదిలాను.”

“లేదు, వదల్లేదు నువ్వు. వదులు.”

“వదిలానురా బాబూ.”

ఒక్క క్షణం తర్వాత కింద నుంచి వాడి గొంతు వచ్చింది. “ఆ, ఇప్పుడు వచ్చింది. మళ్ళీ తొక్కు.” వదలమన్న ప్రతిసారీ అలాగే ఆలస్యమైంది. షెడ్డు రేకుల మీద వాన పడుతోంది, మాట సరిగ్గా వినపడక అలా అవుతోందనుకున్నాను.

పనయ్యాక ఉదయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి జాగ్రత్తలు చెప్పాడు. “వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా మరిచిపోయి కూడా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కద్దు. ఊళ్ళో తిప్పు, గేర్లు మారుస్తూ ఉండు. కొత్త ప్లేటూ చక్రమూ ఒకదానికొకటి ఒరుసుకుని కూర్చోవాలి. తొందరపడ్డావా, మాడి గాజులా నున్నగా అయిపోద్ది, ఇక ఎప్పటికీ పట్టదు. మొదట్లో కాస్త కుదుపుతుంది, గరగరమంటుంది. కంగారుపడకు.”

“వెయ్యి ఎంతలో అయిపోద్ది” అన్నారు ఆయన.

కారు అరవడం మానేసి, ఊళ్ళో పిల్లల్ని ఎక్కించుకున్న ఆటోలా తిరిగింది ఆ రోజుల్లో. సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన సిద్ధంగా ఉండేవారు. మేముండే ఈడేపల్లి నుంచి కోనేరు సెంటరు, అక్కడి నుంచి చిలకలపూడి, మళ్ళీ వెనక్కి. ఒక్కోరోజు గూడూరు దాకా. దారికి రెండు పక్కలా నాట్లు పడుతున్నాయి. ఆడవాళ్ళు నెత్తి మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని వంగి ఉండేవారు. ఆపిన ప్రతిచోటా, కదిలిన ప్రతిసారీ, కారు ఒకసారి వణికి ముందుకు పోయేది. ఆయన తలుపుకి చెవి ఆనించినట్టు ఒక పక్కకి ఒరిగి ఆ శబ్దం వినేవారు. “చూశావా, నిన్నటికన్నా మెత్తబడింది” అనేవారు. నాకు తేడా తెలిసేది కాదు. తెలిసిందనేదాన్ని. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేమిద్దరం రోజూ ఒక గంట పక్కపక్కన ఊరికే కూర్చున్నది ఆ నెల్లోనే.

ఆ నెల్లోనే ఆయన బంటుమిల్లి దగ్గర చెరువుగట్టు మీద పడ్డారు. భుజం దాకా బురదతో ఇంటికొచ్చి, గట్టు జారుడుగా ఉందన్నారు. ఇంకోరోజు మా గుమ్మం ముందే తట్టుకున్నారు. ఎడమ కాలి చెప్పు ఊడి ఊడి వెనకబడిపోతోందని చెప్పులు మానేసి, వానాకాలంలో లేసులున్న బూట్లు మొదలుపెట్టారు. ఆ బూట్లు ఎండలో పెడుతూ చూశాను. ఎడమ బూటు ముందు భాగం, బొటనవేలి దగ్గర, గచ్చు మీద రుద్దినట్టు అరిగి ఉంది. కుడిది కొత్తగానే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి కాసేపు అలా చూస్తూ నిలబడ్డాను. తర్వాత బడి టైమైంది.

ఆగస్టులో ఒక ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి వెళ్దామన్నారు. ఒక్క రోజులో చాలా కిలోమీటర్లు కలిసొస్తాయని ఆయన లెక్క. జెన్నీ వెనక సీట్లో చెవులకి ఇయర్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంది. చల్లపల్లి దాకా బాగానే వెళ్ళాం. మోపిదేవిలో గుడికొచ్చిన జనం రోడ్డంతా నిండిపోయారు. గుండు చేయించుకున్న పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, కొబ్బరికాయల బళ్ళు, బస్సులు. కారు అంగుళం కదలడం, ఆగడం, మళ్ళీ కదలడం. తొక్కడం, వదలడం, తొక్కడం.

నేను ఎడమ పక్క సీట్లో కూర్చున్నాను. గేరు మార్చిన తర్వాత ఆయన ఎడమ చెయ్యి గేరు మీద నుంచి కిందికి జారింది. మోకాలి దగ్గర ప్యాంటు గుడ్డని పిడికిట్లో పట్టుకుని పైకి లాగారు. కాలు పెడల్ మీద నుంచి లేచి పక్కకి వచ్చింది. దాన్ని అక్కడ పెట్టి, చెయ్యి మళ్ళీ గేరు మీదికి తెచ్చుకున్నారు. ముందున్న బస్సు కదిలింది. మళ్ళీ తొక్కారు. మళ్ళీ ఆ చెయ్యి కిందికి వెళ్ళింది. కళ్ళు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి. ఎన్నాళ్ళ నుంచో అలవాటైన పనిలా ఉంది అది.

నేను అద్దంలోంచి బయటికి చూశాను. ఒకామె పిల్లాడి కొత్త గుండుకి చందనం రాస్తోంది.

హంసలదీవి చేరేసరికి మబ్బు పట్టేసింది. ఏరూ సముద్రమూ ఒకే బూడిదరంగులో ఉన్నాయి. జెన్నీ చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళ వైపు వెళ్ళింది. ఆయన ఇసక మొదలయ్యే చోటు దాకా వచ్చి, కారుకి ఆనుకుని నిలబడిపోయారు.

“మీరు రారా?”

“ఇసకలో బూట్లు పాడవుతాయి.”

“ఎప్పటి నుంచండీ?” అన్నాను.

ఏమిటని ఆయన అడగలేదు. “క్రిస్మస్ ముందు నుంచి” అన్నారు. “పాదం పైకి లేవదు. కిందికి తొక్కమంటే తొక్కుతుంది. లేవమంటే లేవదు. మొదట తిమ్మిరనుకున్నాను. ఆ రోజు వంతెన మీద క్లచ్ పోతే, హమ్మయ్య, జబ్బు నాక్కాదు కారుకేననుకున్నాను.”

“ఉదయ్ చెప్పింది నిజమే కదా అయితే. పెడల్ మీద కాలు.”

“నిజమే. వాడు చెప్పేదాకా నాకూ తెలీదు. నేను తీసేశాననుకునేవాణ్ణి. అది అక్కడే ఉండేది.” ఎడమ మోకాలి మీద చెయ్యి వేసుకున్నారు. “పాత పెడల్ మెత్తన, కృపా. కాలిని వెనక్కి నెట్టేది కాదు. గట్టిదైతే స్ప్రింగు బలానికి కాలిని అదే పైకి తోస్తుందనుకున్నాను. కొంతవరకు తోస్తోంది కూడా.”

బరువుగా ఉంటేనే మంచిదని ఆ రోజు షెడ్డులో ఎందుకన్నారో అప్పుడు తెలిసింది.

“రేపే బెజవాడ వెళ్దాం” అన్నాను.

“వెయ్యి పూర్తవనీ. ఇంకెంత, రెండు మూడు వారాలు.”

“రేపే.”

“నరం ఎక్కడో పట్టేసి ఉంటది. దానికేముంది...”

“అదే డాక్టరు చెబుతాడు. రేపు బస్సులో వెళ్దాం. మీరు కారు నడిపితే నేనెక్కను.”

జెన్నీ దూరం నుంచి చెయ్యి ఊపింది. ఆయన కూడా చెయ్యి ఊపారు. తిరిగి వచ్చేటప్పుడు ఆ కారు నడపగలిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆయనే నడిపారు. దారి పొడుగునా ఆయన చెయ్యి కిందికి వెళ్ళినప్పుడల్లా నేను తల తిప్పుకోలేదు. ఆయనా దాచుకోలేదు.

బెజవాడలో నరాల డాక్టరు ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టాడు. కాలి పిక్క మీద చర్మం కింద ఏదో పాకుతున్నట్టు సన్నగా అదురుతుంటే, చాలాసేపు అక్కడే చూస్తూ ఉండిపోయాడు. కండల్లో సూదులు గుచ్చి పరీక్ష చేశారు. హైదరాబాదులో ఇంకొకరికి చూపించమన్నారు. అక్కడా అవే సూదులు, అదే మాట. మళ్ళీ బెజవాడ వచ్చాం. అప్పటికి సెప్టెంబరు వచ్చేసింది.

డాక్టరు జబ్బు పేరు ఇంగ్లీషులో చెప్పాడు. మేమిద్దరం అలాగే చూస్తుంటే తెలుగులో చెప్పడానికి ఇబ్బందిపడ్డాడు. “కండలకి కబురు అందించే నరాలుంటాయండీ. అవి ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. కాలుతో మొదలైంది. కాలుతో ఆగుతుందని నేను చెప్పలేను.”

“మందు లేదాండీ?” అన్నాను.

“నెమ్మది చెయ్యడానికి మాత్ర ఉందండీ. నయం చెయ్యడానికి లేదు.” తర్వాత మెల్లిగా ఇంకొన్ని చెప్పాడు. చేతుల గురించి, మాట గురించి, మింగడం గురించి. ఒక్కోసారి నవ్వో ఏడుపో మొదలైతే ఆపుకోలేరని, అది మనసు బలహీనత కాదని, ఇంట్లో వాళ్ళు కంగారుపడవద్దని.

ఆయన ఒక్కటే అడిగారు. “డ్రైవింగ్?”

“ఇవాళ్టి నుంచి వద్దండీ.”

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. ఉయ్యూరు దాటింది, పామర్రు దాటింది. పచ్చటి చేలు, మధ్యలో కొంగలు.  గూడూరు వచ్చాక అన్నారు. “సగం కూడా తిరగలేదు ఆ క్లచ్.”

“ఉదయ్‌ని తిప్పమందాం.”

“నువ్వు తిప్పు.”

నాకు లైసెన్సు ఉంది. పెళ్ళయిన కొత్తలో ఒక పాత చిన్న కారు మీద ఆయనే నేర్పారు. తర్వాత నడిపే అవసరం రాలేదు. “నావల్ల ఏమవుతుందండీ, ఆ రాక్షసి కారు” అన్నాను.

“ఇకనుంచి మన ఇంట్లో బండి తీసేది నువ్వే కృపా. దీన్ని నడపగలిగితే ఇంక దేన్నైనా నడుపుతావు.”

జెన్నీకి ఆ రాత్రి ఇద్దరం కలిసి చెప్పాం. అది లేచి గదిలోకి వెళ్ళి ఫోనులో అంతా చదువుకుంది. పొద్దున దాని ముఖం చూస్తే మాకంటే ఎక్కువే తెలుసుకుందని అర్థమైంది.

మంగినపూడి బీచ్ రోడ్డు మీద నా చదువు మొదలైంది. బడికి ముందు, పొద్దున్నే. నేను పొట్టిదాన్ని. వీపు వెనక దిండు పెట్టుకుంటేగాని పెడల్ అందదు. అందినా అది దిగదు. గోడని కాలితో నెడుతున్నట్టుండేది. బలమంతా పెట్టి తొక్కితే ఒక్కసారిగా కిందికి పోయేది, వదలబోతే కాలిని విసిరికొట్టేది. కారు కుప్పిగంతులు వేసి ఆగిపోయేది. నా మోకాలు వాచింది. బళ్ళో కుర్చీలో కూర్చునే పాఠం చెప్పేదాన్ని. ఆయన పక్క సీట్లో చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని, “వదులు, వదులు, మెల్లిగా వదులు” అనేవారు.

ఉదయ్ ఒకరోజు వచ్చి, క్లచ్‌ని కాలితో కాక చేత్తో నొక్కేలా మార్చవచ్చని చెప్పాడు. అలాంటివి చేసే షాపు ఉందని, ఫొటోలు కూడా చూపించాడు. “బావా, నువ్వే నడపచ్చు. గవర్నమెంటు పర్మిషన్ కూడా ఇస్తది.”

ఆయన ఫొటోలన్నీ చూశారు. “చెయ్యి ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పగలవా నువ్వు?” అన్నారు.

ఉదయ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. పెరట్లోకి వెళ్ళి బోరింగు దగ్గర చాలాసేపు ముఖం కడుక్కున్నాడు.

చల్లపల్లి రోడ్డులో ఒక కాలవ వంతెన దగ్గర మా ఇద్దరికీ గొడవైంది. శనివారం సాయంత్రం, సన్నటి జల్లు. వెనక సీట్లో జెన్నీ ఉంది. వంతెన ఎక్కుతుంటే ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చింది. ఆపాను. మళ్ళీ కదిలించాలి, ఎత్తులో. కారు వెనక్కి జారింది. భయంతో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి, క్లచ్ సగంలో పట్టుకున్నాను. ఇంజను అరిచింది. మాడు వాసన వచ్చింది.

“తియ్యి కాలు. తియ్యి. కాల్చేస్తున్నావు దాన్ని. ఇన్నాళ్ళ కష్టం ఒక్క నిమిషంలో తగలబెడుతున్నావు. బుర్ర లేదూ నీకు? కాలున్నది ఎందుకు?”

ఇన్నేళ్ళలో ఆయన నామీద అలా అరవలేదు. నేను బ్రేకు లాగి, ఇంజను ఆపి, కారు దిగి వంతెన కిందికి నడిచాను. గట్టు మీద నిలబడ్డాను. ఎర్రటి కొత్త నీరు గుర్రపుడెక్కని తోసుకుంటూ పోతోంది. వాన నెత్తి మీద పడుతోంది. ఆయన వచ్చి బతిమాలతారని కోపంతోనే ఎదురుచూశాను. కొంతసేపటికి తెలిసింది. ఆయన రాలేరు. ఏటవాలు రోడ్డు మీద, తడిలో, ఆ తలుపు తెరుచుకుని దిగలేరు.

వెనక్కి తిరిగి చూశాను. ఆయన అద్దం దించి తల బయటికి పెట్టి ఉన్నారు. వాన ఆయన ముఖం మీద పడుతోంది.

“కృపా, తడుస్తున్నావు. లోపలికి రా.”

ఆ రోజు అరిచిన ఆ గొంతు, ఇది చెబుతున్న ఈనాటికి, లేదు. ఇప్పుడు ఆయన మాట నాకూ జెన్నీకీ తప్ప ఇంకెవరికీ అర్థం కాదు.

వెళ్ళి కూర్చున్నాను. జెన్నీ వెనక నుంచి తన చున్నీ ఇచ్చింది తల తుడుచుకోమని. “డాడీ, మమ్మీకి సారీ చెప్పు” అంది. ఆయన చెప్పారు. నేను పెడల్ తొక్కి, గేరు వేసి, చేతిబ్రేకు పట్టుకునే ఇంజను శబ్దం మారేదాకా కాలు కొంచెం కొంచెంగా వదిలి, అప్పుడు బ్రేకు దించాను. కారు వంతెన ఎక్కింది. 

ఆ తర్వాత పట్టు చిక్కింది. ఎలా చిక్కిందో చెప్పలేను. ఒకరోజు పెడనలో మగ్గాల సందు మలుపు తిరుగుతూ, గేరు మార్చి కొంత దూరం వెళ్ళాక చూసుకుంటే, కాలు గురించి తలచుకోనేలేదని తెలిసింది. గరగర కూడా ఎప్పుడు ఆగిపోయిందో తెలియలేదు. నా కాలు అలా గట్టిపడుతున్న ఆ వారాల్లోనే ఆయన కుడి కాలు కూడా ఈడ్చడం మొదలుపెట్టారు. చొక్కా గుండీలు జెన్నీ పెట్టేది. ల్యాబు తాళాలు అక్కడ పనిచేసే కుర్రవాళ్ళకి ఇచ్చేశాం.

దసరా సెలవుల్లో వెయ్యి నిండింది. “రేపు హైవే మీదికి పద” అన్నారు.

తెల్లారి గూడూరు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. వరి పొట్ట మీద ఉంది. పొలాల మీద మంచు పొగలా పరుచుకుంది. మేమిద్దరమే ఉన్నాం.

“మూడో గేరులో పెట్టు. ముందెవరూ లేరుగా. ఇప్పుడు యాక్సిలరేటర్ మొత్తం తొక్కు.”

“వద్దండీ.”

“దానికోసమే కదా ఇదంతా. తొక్కు.”

తొక్కాను. ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ తర్వాత ఎవరో వెనక నుంచి తన్నినట్టు కారు దూకింది. చెట్లన్నీ ఒకే పచ్చటి గీత అయిపోయాయి. ఎక్కడా జారలేదు, వాసన రాలేదు, ఇంజను అరుపంతా నేల మీదికి దిగింది. నేను భయపడి కాలు తీసేదాకా, బహుశా పది సెకన్లు. అంతే.

ఆయన నవ్వుతున్నారు. సంతోషం వేసింది. నేనూ నవ్వాను. కారు వేగం తగ్గింది, నేను రోడ్డు పక్కకి తీసుకున్నాను. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నారు. కళ్ళలో నవ్వు లేదు. కళ్ళు నన్ను చూస్తున్నాయి, ఏదో అడుగుతున్నట్టు. నోరు మాత్రం ఆగలేదు. ఊపిరి అందడం లేదు. డాక్టరు చెప్పింది ఇదే అని తెలిసింది. కారు ఆపి, ఆయన తలని నా భుజం మీదికి లాక్కున్నాను. నవ్వు నవ్వుగానే చాలాసేపు సాగి, ఎక్కడో ఏడుపులోకి తిరిగి, తర్వాత అదీ ఆగింది. ఒక పాల వ్యాను మమ్మల్ని దాటిపోయింది.

ఆయన ముఖం తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తబోయారు. నేను తుడిచాను.

“అమ్మెయ్యి” అన్నారు. “నిన్ను తీసుకెళ్ళడానికి కాదు, నన్ను తీసుకెళ్ళడానికి కావాలి ఇప్పుడు బండి. దీంట్లోకి ఎక్కించలేవు నన్ను. సీటు మరీ కిందుంది.”

నవంబరులో భీమవరం నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. ఆయన గేటు పక్కన కుర్చీలో కూర్చుని కారు గురించి అంతా చెప్పారు. ఏ ఆయిల్ పొయ్యాలో, చలికాలంలో ఎంతసేపు వేడెక్కనివ్వాలో. అప్పటికే మాట కొంచెం ముద్దగా వస్తోంది. ఆ అబ్బాయి వంగి, మర్యాదగా విన్నాడు. ఊళ్ళో ఒక చుట్టు తిప్పి తెచ్చి, “క్లచ్ చాలా బాగా కూర్చుందండీ. ఇలాంటి గట్టి క్లచ్‌లు అందరూ పాడుచేస్తారు. మీరేనా అండీ తిప్పింది?” అన్నాడు.

“మా ఆవిడ” అన్నారు ఆయన.

ఆ అబ్బాయి నా వైపు చూసి, నవ్వి, కాగితాలు బయటికి తీశాడు.

కాగితాల మీద సంతకాలు అయ్యాయి. ఆయన సంతకం గీతలా వచ్చింది. కారు బయటికి తీసేటప్పుడు నిలబడతానన్నారు. కుర్చీలోంచి లేపి, గేటు ఊచలు పట్టుకునేలా నిలబెట్టాను. జెన్నీ కాలేజీకి వెళ్ళింది, ఇంట్లో ఇంకెవరూ లేరు. కారు వీధి చివర మలుపు దగ్గర ఆగి, గేరు మార్చుకుని, తిరిగి వెళ్ళిపోయింది. శబ్దం కోనేరు సెంటరు వైపు కొంతసేపు వినపడింది.

ఆయన ఊచలు వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే నేను విప్పాను. ఆయన చెయ్యి నా మెడ చుట్టూ వేసుకుని, నా చెయ్యి ఆయన నడుం చుట్టూ వేసి, రెండో చేత్తో బెల్టు పట్టుకున్నాను. గేటు తెరిచే ఉంది. మూయడానికి నాకు ఇంకో చెయ్యి లేదు. దాన్ని అలాగే వదిలేసి, ఇద్దరం లోపలికి నడిచాం.